నత్తనడిగి పోసిన చేపపిల్లలు

దొర తన కోటలాంటి గడికి తాళం వేసి పట్నం పారిపోయిన ఏడు, తరిగొప్పుల దగ్గరి మా అత్తగారి ఊరికి కుంట దక్కింది. అప్పటిదాకా అందులో గాలం వేసినవాడి వీపు చిట్లేది. దొర మీద తిరగబడ్డ సంఘం వాళ్లు కుంటలో చేపపిల్లలు పోసుకుందామనగానే ఊరు ఊరంతా సంబరపడింది. పిల్లల్ని తెచ్చే పని మా నాయినకు అప్పజెప్పారు. ఆయన స్టేషన్ ఘన్‌పూర్ అవతల వాగులో చేపలు పట్టేవాడు. బొచ్చె చేపపిల్లల్ని కుండల్లో పోసి కావడి మీద మోసుకొస్తానని కబురు పంపాడు.

నేను కొత్త కోడలిని. నాయిన వస్తున్నాడంటే నాకు కాలు నేల మీద నిలవలేదు. రెండు రోజుల ముందు బట్టలు ఉతకడానికి కుంటకు పోయి చూద్దును కదా, ఒడ్డున ఒక్క నత్త లేదు. మా వాగులో ఏ రాయి తిప్పినా నత్తలే. ఇక్కడ వంగితే కళ్లు మండే ఘాటు. పైన దొర వదిలేసిపోయిన పశువుల కొట్టం ఉంది; ఆ ఉచ్చా పేడా కాలువ కట్టి కుంటలోకే దిగుతోంది. ఆ ఘాటుకు అమ్మోనియా అని పేరుందని మనుమరాలు చదువుకున్నాకే తెలిసింది గానీ, అది చేపల ప్రాణం తీస్తుందని నాకు పుట్టింట్లోనే తెలుసు.

ఊళ్లో చేపలు పట్టేవాళ్లకు మా మామే పెద్ద. చెబితే నవ్వాడు. కుంట నీళ్లు కుండలో పోసి కొర్రమట్ట చేపను వేస్తారట, పొద్దుగూకేదాకా బతికితే నీళ్లు మంచివట. తాతలనాటి పరీక్ష, అది ఎప్పుడో అయిపోయిందన్నాడు. నాకు ఒళ్లు మండింది. కొర్రమట్ట తల పైకెత్తి గాలి మింగి బురదలోనైనా బతికే రకం. దాన్నడిగితే ఏ నీళ్లయినా బాగున్నాయనే అంటుంది.

మగవాళ్ల ముందు కోడలు నోరెత్తకూడదు. నా పరేషాన్ చూసి మా అత్తే, అడగంది అమ్మయినా పెట్టదు, పోయి చెప్పమని ముందుకు తోసింది. మర్నాడు పొద్దున్నే గడి ముందర సంఘం వాళ్లు కూడిన చోట మూడు కుండల్లో కుంట నీళ్లు పోశాను. ఒకదాంట్లో కొర్రమట్ట, ఒకదాంట్లో పొలం కాలువలో పట్టిన చేపపిల్లలు, ఒకదాంట్లో పక్కూరి నత్తలు. నాలుగో కుండలో బావినీళ్లు పోసి పిల్లల్నీ నత్తల్నీ కలిపి వేశాను. ఎండ ఎక్కేసరికి కొర్రమట్ట కొత్త పెండ్లికొడుకులా తిరుగుతోంది. పిల్లలు తెల్లపొట్ట తిప్పేశాయి. నత్తలు మూత బిగించుకుని అడుగున పడ్డాయి. బావినీళ్లలోవి మాత్రం హాయిగా ఉన్నాయి.

మామ వైపు తిరిగి అన్నాను. "కొర్రమట్టకు ఏ నీళ్లయినా నడుస్తయి మామా. నీళ్లు మంచియో కాదో నత్తనడగాలె. గిట్లనే పోస్తే మా నాయిన తెచ్చే పిల్లలు ఒక్కటి బతకది."

మామ కుండల్లోకి వంగి చాలాసేపు చూశాడు. లేచి పార అందుకున్నాడు. సాయంత్రానికి ఊరంతా కలిసి కొట్టం కాలువను పొలాలకు మళ్లించి, పై చెరువు తూమెత్తి కుంటలోకి కొత్తనీళ్లు వదిలారు. నాయిన వచ్చాక పిల్లల్ని మోటబావిలో దించారు. నీళ్లు బాగయ్యేదాకా ఆయన మా ఇంట్లోనే ఉన్నాడు. పెండ్లయ్యాక అంతకంటే మంచి రోజులు నేనెరుగను. రోజూ పొద్దున కుంట నీళ్లు తెచ్చి నత్తల్ని వేసేవాళ్లం. వారానికి అవి మెడలు చాచి కుండ గోడెక్కాయి. నత్తలు మూడు రోజులు పాకితేనే పిల్లలు పొయ్యాలని ఊరు కట్టుబాటు పెట్టుకుంది.

పిల్లల్ని కుంటలో పోసి ఏడాది తిరిగాక మొదటి వల లాగారు. వచ్చిన చేపల్ని ఇంటింటికీ పంచారు. మా ఇంట పెద్ద బొచ్చె పులుసు ఉడికింది. తలకాయ ఎప్పుడూ మామ కంచంలోకే పోయేది. ఆ రోజు ఆయన దాన్ని తీసి నా కంచంలో వేశాడు.

"తలకాయ ఇంటి పెద్దకే పోవాలె. తిను బిడ్డా," అన్నాడు.

అందరూ నా వైపే చూస్తున్నారు. నేనేం సిగ్గుపడలేదు. ముల్లు ముల్లూ చప్పరించి తిన్నాను.