ఒక్క బ్రౌజర్‌లో ఇద్దరు

నా ఆన్‌లైన్ సెంటర్లో కంప్యూటర్ ఒక్కటే, బెంచీ మీద జనం మాత్రం ఎప్పుడూ ఆరేడుగురు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఒకరి ఓటీపీ వచ్చేలోపు ఇంకొకరి ఫారం తెరవడం, ఒకరు జిరాక్స్ తెచ్చుకునేలోపు మరొకరిది స్కాన్ చేయడం. కరీంనగర్ నుంచి సిరిసిల్ల పోయే దారిలో, మరమగ్గాల షెడ్ల నడుమ నా దుకాణం. ఇక్కడ మరమగ్గాలను సాంచెలంటారు. వాటి చప్పుడులో ఎవరికీ ఓపిక నిలవదు, నాకు అసలే తక్కువ. క్షణం కూడా ఊరికే కూర్చోడని నలుగురూ అంటుంటే తెగ మురిసిపోయేవాణ్ని. నా మురిపెం మన్నుగాను.

నర్సింగ్ సీట్లకు వెబ్ ఆప్షన్లు పెట్టే ఆఖరి రోజు, పన్నెండింటికి ఒక అమ్మాయి వచ్చింది. తండ్రి సాంచెలు నడుపుతాడు, తల్లి ఇంట్లో బీడీలు చేస్తుంది. ఈ పిల్ల కూడా తల్లి పక్కన ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తూనే ఇంటర్ చదివింది. ర్యాంకు మంచిగానే వచ్చింది. సర్కారు కాలేజీలో సీటొస్తే చదువు, రాకపోతే చాటే అని తండ్రి ముందే తేల్చి చెప్పాడట. కాలేజీల కోడ్లు నోటుబుక్కులో వరసగా రాసుకొచ్చింది. ముందు కరీంనగర్, తర్వాత నిర్మల్, ఆదిలాబాద్, అట్లా చివరిదాకా. సైటు ఐదింటికి మూస్తారు. ఇంకా ఐదు గంటలున్నాయి, ఇదెంత పని అనుకున్నాను.

సైటు నంబరూ పాస్‌వర్డూ తీసుకుంది, ఓటీపీ తీసుకుంది, ఆప్షన్లు అన్న చోట నొక్కగానే మళ్లీ లాగిన్ పేజీకి తెచ్చి పడేసింది. నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ అంతే. లోపలికి వచ్చిన మనిషి ఎవరో గుర్తుండటానికి సైటు మన బ్రౌజర్‌లో ఒక చిన్న చీటీ దాచిపెడుతుంది, దాన్నే కుకీ అంటారు. పాతవి పేరుకుపోతే ఇట్లా తిప్పి కొడుతుందని నాకు తెలుసు. ఆ బ్రౌజర్‌లోని కుకీలన్నీ తుడిచేశాను. దాంతో నా సొంత లాగిన్లన్నీ పోయాయి గానీ ఆ సైటు మాత్రం దారికి రాలేదు.

రెండో బ్రౌజర్ తెరిచాను. అందులో ఆప్షన్ల పేజీ దాకా వచ్చింది, కానీ తెల్లగా, ఖాళీగా వచ్చింది. సెట్టింగుల్లో అటూ ఇటూ మార్చి, మూసి, మళ్లీ తెరిచాను. తెల్లగానే ఉంది. నీ పాడుగాను అని కంప్యూటర్‌ను తిట్టాను. పక్కనున్న పిల్ల తననేమో అనుకుని కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది. నిన్ను కాదమ్మా అని చెప్పే తీరిక కూడా లేకపోయింది.

మూడోది నేనెప్పుడూ వాడేది కాదు. అందులోనూ మొదట అదే తిరకాసు. అప్పుడు గుర్తొచ్చింది, ప్రకటనల బాధ పడలేక ఎప్పుడో నేనే అందులో కుకీలు ఆపేసి పెట్టాను. ఆ సైటుకు అనుమతి ఇవ్వగానే ఆప్షన్ల పేజీ పూర్తిగా తెరుచుకుంది, పైన ఆ అమ్మాయి పేరు వచ్చింది. అప్పటికి మూడు దాటింది. హమ్మయ్య అనుకున్నాను, ఆమె కూడా అప్పుడే మొదటిసారి నవ్వింది.

అప్పుడు చూశాను, ఆమె కాళ్ల దగ్గర సంచిలో సద్దిగిన్నె. తండ్రికి పన్నెండింటికే ఇవ్వాల్సిన అన్నం, నా బ్రౌజర్ల గోలలో అక్కడే ఉండిపోయింది. ఆకలితో సాంచెల దగ్గర నిలబడి ఉంటాడు, ముందు పోయి ఇచ్చి రమ్మన్నాను. సైటు మళ్లీ పోతదేమో అని భయపడింది.

"ఏం గాదు బిడ్డా, నేను తెరిచే ఉంచుత. నువ్వు పోయిరా."

ఆమె అటు వెళ్లిందో లేదో బట్టల దుకాణం వాళ్ల అమ్మాయి వచ్చింది, అదే నర్సింగ్, అదే ఆప్షన్లు. నా పద్ధతి నాకుంది కదా. పని చేసే బ్రౌజర్ అదొక్కటే, కాబట్టి అందులోనే పక్కన ఇంకో ట్యాబు తెరిచి ఈమెనూ లాగిన్ చేశాను. కాలేజీల జాబితా ఆమె ఫోన్‌కు పంపుతానని వాళ్ల అన్న చెప్పాడట, వచ్చేదాకా బెంచీ మీద కూర్చుంది.

ఈలోపు మొదటి అమ్మాయి పరుగున వచ్చింది. ఆమె ట్యాబు నొక్కాను. పేజీ ఎట్లా వదిలామో అట్లాగే ఉంది, ఆమె పేరుతోనే ఉంది. ఆమె చదువుతుంటే నేను కోడ్లు కొట్టాను. సేవ్ నొక్కితే పేజీ ఒకసారి మెరిసి, సేవ్ అయిందని చెప్పింది. నోటుబుక్కు పక్కన పెట్టుకుని కోడ్లన్నీ ఒకటికి రెండుసార్లు సరిచూశాం. పైన పేరు మాత్రం చూడలేదు. మనిషి పక్కనే కూర్చుని ఉంటే పేరు చదవాలని ఎవరికి తోస్తుంది? ఐదింటికి దానంతటదే ఖాయమవుతుందని చెప్పి పంపించాను. తర్వాత రెండో అమ్మాయి జాబితా వచ్చింది, అదీ కొట్టి సేవ్ చేశాను. ఐదింటికి సైటు మూసుకుంది.

సీట్లు ప్రకటించిన రోజు మధ్యాహ్నం బీడీల అమ్మాయి వచ్చింది. ఆమె నంబరుకు ఎదురుగా 'ఆప్షన్లు ఇవ్వలేదు' అని ఉంది. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆమె ఖాతా తెరిచి చూస్తే ఒక్క కోడు కూడా లేదు, కడిగినట్టుంది. అట్లా చూస్తూ ఉండగానే ఆ పక్క ట్యాబు గుర్తొచ్చింది.

ఒక బ్రౌజర్‌లో ఒక సైటుకు ఒక్క చీటీయే ఉంటుంది. రెండో అమ్మాయి లాగిన్ అవగానే మొదటి అమ్మాయి చీటీ పోయి ఆమె చీటీ వచ్చింది. తెర మీద మాత్రం సేవ్ నొక్కేదాకా పాత పేజీ, పాత పేరు అట్లాగే నిలిచి ఉన్నాయి. పేజీ మెరిసినప్పుడు పైన పేరు మారే ఉంటుంది, మేమే చూడలేదు. మేము కొట్టిన కోడ్లన్నీ రెండో అమ్మాయి ఖాతాలో పడ్డాయి. తర్వాత ఆమె జాబితా సేవ్ చేసినప్పుడు అవి కూడా చెరిగిపోయాయి. మిగతా రెండు బ్రౌజర్లలో ఏ తప్పుందో నాకు ఈరోజుకీ తెలియదు. మూడోదాంట్లో తప్పు మాత్రం నాదే. ఆ రోజు రెండో అమ్మాయిని పది నిమిషాలు కూర్చోమంటే అయిపోయేది.

హెల్ప్‌లైన్‌కు అప్పుడే ఆమె ముందరే ఫోన్ చేశాను. ఆప్షన్లు ఇవ్వనివాళ్లకు ఈ ఏడు ఇంక అవకాశం లేదన్నారు. ఫోన్ పెట్టేశాను. ఆమె ఏడవలేదు. నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని నా మొహంలోకి చూసింది.

"నేను నడుమల సద్ది ఇయ్య పోయిన గదా అన్నా, గందుకే పోయిందా?"

పొమ్మన్నది నేను. తెరిచే ఉంచుతానన్నది నేను. బెంచీ మీద ఐదుగురున్నారు, అందరూ వింటున్నారు. నిజం నోటిదాకా వచ్చింది. అది బయటపడితే రేపటినుంచి ఈ బెంచీ ఖాళీ అని కూడా తోచింది.

"అయుంటది బిడ్డా," అన్నాను.

ఆమె తల ఊపింది. లేచి వెళ్లిపోయింది.

ఇప్పుడు మనిషి మనిషికీ బ్రౌజర్ మూసి, కుకీలు తుడిచి, పైన పేరు గట్టిగా చదివి వినిపించాకే సేవ్ నొక్కుతున్నాను. ఎంత జాగ్రత్త మనిషో అని మెచ్చుకుంటున్నారు. విన్నప్పుడల్లా నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

మొన్న వాళ్లమ్మ బీడీ కార్మికుల కార్డు పని మీద వచ్చింది. బిడ్డ ఎట్లుందని అడగకుండా ఉండలేకపోయాను. చాట పట్టిందట, చెయ్యి చురుకైందట, తనకన్నా ఎక్కువ చేస్తున్నదట. నర్సింగ్ మాట ఎత్తితే లేచి లోపలికి పోతుందట.

"వాళ్ల బాపు ఆ దినం సంది సద్ది ముట్టుతలేడు తమ్మీ. పోరి నా బువ్వ కోసం లేచొచ్చి సీటు పోగొట్టుకున్నదని, పగటిపూట ఉపాసమే ఉంటుండు."

కార్డు నంబరు చెప్పమన్నాను. ఆమె చెప్పింది, నేను కొట్టాను.