కమలమ్మ ఆగ్రాకు ఇచ్చిన టెలిగ్రాం

చిక్కడపల్లిలో మేము పదకొండేళ్ళు అద్దెకున్నాం. ఆ ఇంటావిడ పేరు కమలమ్మ. ఇంటివాళ్ళంటే గోడకు మేకు కొడితే గుండెలో కొట్టినట్టు గోలపెట్టేవాళ్ళని, తెనాలి వదిలి వచ్చేటప్పుడు నాకు గట్టి నమ్మకం. దిగిన మొదటి రోజే క్యాలెండరు తగిలించుకోవడానికి నేను బితుకుబితుకుమని అడిగితే, కమలమ్మ లోపలికెళ్ళి సుత్తి తెచ్చి నా చేతిలో పెట్టింది. అప్పటినుంచి నేను ఆవిడను అక్కయ్యా అనేదాన్ని. ఆవిడ నన్ను చెల్లె అనేది.

నా నోరు మంచిది కాదు. ఆ సంగతి మా ఆయన ఊరంతా చాటింపు వేశారు కాబట్టి దాచి లాభం లేదు. కమలమ్మ నాకు పూర్తిగా ఎదురు. పది మాటలు అనాల్సిన చోట ఒకటి అనేది, ఆ ఒకటీ వెనక్కి తీసుకునేది కాదు. అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ గొడవలు ముదిరినప్పుడు ఒక సాయంత్రం నలుగురు కుర్రాళ్ళు గేటు దగ్గర ఆగి, మేముండే ముందు వాటాలో ఎవరుంటారని అడిగారు. మా ఆయన ఇంకా ఆఫీసు నుంచి రాలేదు. నేను తలుపు చాటున నక్కాను. కమలమ్మ చేతిలో చీపురుతోనే గేటు దాకా వెళ్ళింది.

"మా చెల్లె ఉంటది. ఏం గావాలె?" అంది.

వాళ్ళు ఏమీ అక్కర్లేదని వెళ్ళిపోయారు. ఆ మాట నేను చచ్చేదాకా మర్చిపోను.

ఆవిడకు ఒక్కతే కూతురు, నళిని. నారాయణగూడలో బీఎస్సీ రెండో ఏడు. ఆ ఏడు కాలేజీలు నెలల తరబడి మూతపడి, మళ్ళీ తెరిచేసరికి ఈ పిల్లకు చదువు మీద కన్నా ఎన్‌సీసీ మీద మోజెక్కువైంది. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేది. జుట్టు మాత్రం మోకాళ్ళు దాటి, రెండు చేతులతో పట్టుకుంటే గాని పిడికిట్లోకి రానంత ఒత్తు. ఆ జడ కమలమ్మ పెంచింది. రోజూ సాయంత్రం వాకిట్లో పీట వేసి, కొబ్బరినూనె రాసి, చిక్కు తీసి, ముప్పావుగంట అల్లేది. ఆ ముప్పావుగంటలో నిప్పంటుకున్నా లేచేది కాదు.

దసరా వెళ్ళాక ఒకరోజు నళిని ఒక కాగితం తెచ్చి తండ్రికిచ్చింది. ఆగ్రాలో మిలటరీవాళ్ళు విమానంలోంచి ప్యారాచూట్‌తో దూకడం నేర్పుతారట. కాలేజీ మొత్తానికి ఈమె పేరు ఒక్కటే వచ్చిందట. ఏదైనా జరిగితే ఎవరిదీ పూచీ కాదని తల్లిగాని తండ్రిగాని సంతకం పెట్టాలి. గోవర్ధన్‌గారు కరెంటాఫీసులో గుమాస్తా, కూతురంటే ప్రాణం, అందులోనూ తన పిల్ల పేరు ఇంగ్లీషులో టైపు కొట్టి ఉండేసరికి ఉబ్బితబ్బిబ్బై అక్కడికక్కడే సంతకం గీకేశాడు.

కమలమ్మ ఆయనతో పది రోజులు మాట్లాడలేదు. పళ్ళెం పెట్టేది, వడ్డించేది, లేచి వెళ్ళిపోయేది. పదకొండో రోజున కూతుర్ని పిలిచింది.

"నీ నాయన సంతకం పెట్టిండు. నేనేమనలే. కానీ నాకొక్క మాటియ్యి. గీ జడను ఎవ్వళ్ళు ముట్టొద్దు. పోయినప్పుడు ఎట్లుందో వచ్చినప్పుడు అట్లనే ఉండాలె."

"సరే అమ్మ. ఒట్టు," అంది నళిని. నాకు ఆ ఒట్టు చాలా బాగుందనిపించింది. ఆడపిల్ల ఆకాశంలోంచి దూకుతుంటే జడైనా ఇంటికి రాకపోతే ఎలా అని నేనే వంత పాడాను. నా మొహం, నాకేం తెలుసు!

అప్పటినుంచి సాయంత్రం జడ వేసే వేళ ప్రశ్నలు మొదలయ్యాయి. కమలమ్మ ప్యారాచూట్‌ను గొడుగు అనేది. ఒక పాయ అల్లడం, ఒక ప్రశ్న అడగడం.

"గొడుగు తెరుసుకోకపోతె?"

"విమానానికి తాడు కట్టి ఉంటదమ్మ. మనం దూకంగనే అదే గుంజి తెరుస్తది. మనం నాలుగు లెక్కపెట్టి పైకి చూడాలె. లేకుంటె కడుపు మీద ఇంకోటి ఉంటది, దాన్ని గుంజాలె."

"తాళ్ళు మెలిక పడితె?"

"కాళ్ళు కొట్టుకుంట ఎదురు దిక్కు తిరగాలె."

"గాలి నిన్ను గుంజుకపోతె?"

"కింద పడంగనే లేచి గొడుగు చుట్టు ఉరుకాలె, గాలి పోతది."

కమలమ్మ జడ కుచ్చులు కడుతూ అసలైంది అడిగింది. "మరి ఆ గొడుగు మడతపెట్టేటోడెవడు? వాడు పొద్దున్నే పెండ్లాంతోని కొట్లాడి వస్తె?"

నళిని పడీపడీ నవ్వింది. కమలమ్మ నవ్వలేదు. "నవ్వుడు కాదు బిడ్డ. అడుగు. అడిగి నాకు రాయి," అంది.

దూకి నేల మీద పడే పద్ధతి కూడా ఇంట్లోనే సాధన చేసేది పిల్ల. వాకిట్లో నీళ్ళ హౌజు ఉండేది. దాని గట్టెక్కి, కింద పరిచిన బొంతల మీదికి దూకి, పక్కకు ఒరిగి దొర్లేది. పాదాలు, మోకాళ్ళు రెండూ అంటుకుని ఉండాలట. ఎడంగా పెడితే మడమ విరుగుతుందట. అది విని కమలమ్మకు ఒళ్ళు మండింది.

"పదేండ్ల సంది నేను మొత్తుకుంటున్న, కాళ్ళు దగ్గర పెట్టుకోని కూసో అని. నా మాట ఇనలే. మిల్ట్రీవోడు చెప్తె ఇంటున్నవ్ జూడు!" అంది. అని, తనే వెళ్ళి ఇంకో బొంత తెచ్చి పరిచింది.

డిసెంబరు మొదటివారంలో నళిని ఆగ్రా వెళ్ళింది. ముందు రెండు వారాలు నేల మీద శిక్షణ, ఆ తర్వాత అయిదుసార్లు దూకడం. మొదటి ఉత్తరం వారానికే వచ్చింది. కమలమ్మకు చదువు రాదు. గోవర్ధన్‌గారు ఉర్దూలో చదువుకున్న మనిషి, తెలుగు కూడబలుక్కుని చదివేవాడు. అందుకని ఉత్తరాలు చదివి పెట్టే పని నాకు పడింది. గొడుగు మడతపెట్టేవాళ్ళను అడిగిందట. మడతపెట్టిన ప్రతిదాని మీదా వాళ్ళ సంతకం ఉంటుందట, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆ మడతపెట్టినవాణ్ణే దాన్ని కట్టుకుని దూకమంటారట. కమలమ్మ అది రెండుసార్లు చదివించుకుంది. "మంచి పద్ధతి పెట్టిండ్రు," అంది. ఆ రాత్రి కడుపునిండా తిన్నదని గోవర్ధన్‌గారు మా ఆయనతో చెప్పుకున్నాడు.

రెండో ఉత్తరం గురువారం మధ్యాహ్నం వచ్చింది. గోవర్ధన్‌గారు ఆఫీసు పని మీద నిజామాబాదులో ఉన్నాడు. నేను గుమ్మంలో నిలబడే చదివాను.

"అమ్మా, హెల్మెట్ నా తల మీద కూర్చుంటలేదు. జడ ముడేసినా, తల చుట్టూ చుట్టినా అటూఇటూ ఊగుతున్నది. పట్టీ బిగవడం లేదు. గాలికి జారి కళ్ళ మీదికొస్తే పైకి చూడలేను, ఊడిపోతే తల నేలకు కొట్టుకుంటదని మాకు నేర్పే ఉస్తాద్ అంటున్నడు. శనివారం లోపల జుట్టన్నా కత్తిరించు, లేకుంటే నీ పేరు కొట్టేస్త అన్నడు. నేను నీకు ఒట్టు పెట్టిన. నువ్వు ఎట్లంటే అట్ల. నళిని."

చదవడం అయిపోగానే నేను చేతులెత్తి దణ్ణం పెట్టాను. "అక్కయ్యా, దేవుడే అడ్డం పడ్డాడు! జుట్టు ముట్టుకోవద్దు, ఇంటికొచ్చెయ్ అని టెలిగ్రాం ఇద్దాం. మీ మాటా పోదు, పిల్లా దక్కుతుంది. మిమ్మల్ని ఒక్కరు కూడా తప్పుపట్టరు."

కమలమ్మ మొహం కూడా విప్పారింది. నాకు బాగా గుర్తు. చీర మార్చుకుని, తలుపుకు తాళం వేసి, "నడువు చెల్లె," అంది. నారాయణగూడ పోస్టాఫీసు దాకా ఇద్దరం నడిచే వెళ్ళాం. దారి పొడుగునా నేను మాట్లాడుతూనే ఉన్నాను. నాలుగు రోజుల్లోనే పిల్ల వచ్చేస్తుందని, మంచి సంబంధాలు చూడొచ్చని, ఏవేవో. ఆవిడ ఊ కొడుతూ వచ్చింది, సగం దారిలో ఊ కొట్టడం కూడా మానేసింది.

పోస్టాఫీసులో ఫారం తీసుకుని నేను ఇంగ్లీషులో రాసేశాను. జుట్టు కత్తిరించవద్దు, ఇంటికి రా, అమ్మ. కౌంటరు కిటికీ దగ్గరకు వెళ్ళబోతుంటే కమలమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"ఇది చదివితె అది వస్తదా?"

"రాక? తల్లి రమ్మంటే రాదా?"

"రాదు," అంది కమలమ్మ. గోడవార బల్ల మీద కూర్చుంది. "దానికి ఎనిమిదేండ్లప్పుడు బతుకమ్మకు కొత్త లంగ కుట్టించిన. ట్యాంక్‌బండ్ కాడికి పోతాంటె, లంగ తడిపినవంటె చంపుత అన్న. ఊకెనే అన్న చెల్లె, నోటికొచ్చి. అది రెండు చేతుల్తోని లంగ ఎత్తి పట్టుకోని, బతుకమ్మ ఎనక నీళ్ళల్లకు దిగింది. కాలు జారింది. గడ్డం దాక మునిగింది, ముక్కు దాక మునిగింది. ఏదన్న పట్టుకోవాలంటె చేతులు ఇడువాలె గదా? ఇడువలే. ఎవరో ఈడ్చి ఒడ్డుకేసిండ్రు. లంగ అంచు మాత్రం తడవలే."

నేను ఫారం పట్టుకుని వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను.

"వద్దు అని తార్ ఇస్తిననుకో, అది ఇంటికి రాదు. దూకాలని దాని పానం గుంజుతున్నది. నా మాట కూడ పోనియ్యది. ఏదన్న గుడ్డ కట్టుకోని, సరిపోయింది సాబ్ అని ఉస్తాద్‌కు అబద్ధం చెప్పి, గా ఊగే టోపీతోనే దూకుతది. గాలి కన్న, గొడుగు కన్న, నా ఒట్టే దానికి ముప్పు. నా బిడ్డ నాకెర్క చెల్లె."

"అయితే ఏమని రాయను అక్కయ్యా?"

ఆవిడ చీర చెంగు వేళ్ళకు చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది. "జుట్టు కొయ్యి, టోపీ గట్టిగ కట్టు, దూకు. గట్ల రాయి," అంది.

మొదటి ఫారం చించి, రెండోది రాశాను. అందులో ఒక అక్షరం దిద్దాల్సి వచ్చింది. కౌంటరులో పెద్దాయన అది చదివి కళ్ళద్దాల పైనుంచి మమ్మల్ని ఎగాదిగా చూశాడు. "ఏందమ్మ గీ తార్? సరిగ్గనే రాసిండ్రా?"

"సరిగ్గనే రాసిండ్రు. జల్ది పంపుండ్రి," అంది కమలమ్మ.

బయటికొచ్చి మెట్ల మీద కూలబడి ఏడ్చింది. దారిన పోయేవాళ్ళు చూస్తున్నా లెక్కచెయ్యకుండా ఏడ్చింది. "నేనే దూకుమన్న చెల్లె. సంతకం పెట్టిండని పది దినాలు ఆయనతోని మాట్లాడలే. ఇప్పుడు నేనే దూకుమన్న," అంటూ ఏడ్చింది. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను.

సోమవారం నుంచి దూకుళ్ళు. ఆ వారమంతా కమలమ్మ వాకిట్లోనే ఉంది. బేగంపేటకు పోయే విమానం చప్పుడైనప్పుడల్లా, బియ్యం ఏరుతున్న చాట పక్కన పెట్టి పైకి చూసేది. "జర నాలుగు లెక్కపెట్టు చెల్లె," అనేది. నేను ఒకటి, రెండు, మూడు, నాలుగు అని పైకి లెక్కపెట్టేదాన్ని. మళ్ళీ బియ్యం ఏరేది. మా ఆయన మాకిద్దరికీ మతిపోయిందన్నారు. నిజంగానే పోయింది.

తర్వాతి వారం కార్డు వచ్చింది. అయిదూ అయ్యాయి, బాగున్నాను, బయలుదేరుతున్నాను. అంతే, మూడు ముక్కలు.

పిల్ల రిక్షా దిగగానే నేను అయ్యో అనేశాను. మగపిల్లాడిలా చెవుల దాకా కత్తిరించిన జుట్టు, ఎండకు కమిలిన మొహం, రొమ్ము మీద, దూకినవాళ్ళకిచ్చే కొత్త రెక్కల బొమ్మ. గోవర్ధన్‌గారు ఆ బొమ్మను తాకి చూసి కళ్ళు తుడుచుకున్నాడు. నళిని తల్లి ముందుకొచ్చి తప్పు చేసినదానిలా తలొంచుకుని నిలబడింది. కమలమ్మ రెండు చేతులూ ఆ తల మీద పెట్టింది. వేళ్ళు జుట్టులోకి పోనిచ్చి, నుదుటినుంచి మెడ దాకా, ఒక చెవి నుంచి ఇంకో చెవి దాకా, ఎక్కడైనా బొప్పి కట్టిందేమోనని మెల్లగా తడిమి చూసింది.

"దెబ్బలేం తగల్లేదమ్మ," అంది నళిని.

ఎడమ చెవి వెనక కమలమ్మ వేళ్ళు ఆగాయి. అక్కడ మినపగింజంత పుట్టుమచ్చ ఉంది. "పుట్టెంటుకలు తీసినప్పుడు చూసిన దీన్ని," అంది. "మళ్ళ గిప్పుడే." ఆ మచ్చ మీదే పెదవులు ఆనించి, పిల్లను రెండు చేతులా పొదువుకుంది. ఇద్దరూ ఏడ్చారు. నేను వాళ్ళకన్నా ఎక్కువ ఏడ్చాను.

కాళ్ళు కడుక్కుని, అన్నం తిని, తల్లి ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాక, పిల్ల నెమ్మదిగా అంది. "అమ్మ, వచ్చే ఏడు మళ్ళ పిలుస్తరంట. ఇంక ఎత్తు నుంచి. నిన్ను అడుగకుంట ఎవ్వలకు జవాబు చెప్పలే."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒకసారి తల్లి ప్రాణం తోడింది చాలదూ అని నోరు తెరిచాను. కమలమ్మ చెయ్యెత్తి నన్ను ఆపింది.

"పోతవా?"

"పోతనమ్మ."

కమలమ్మ ఆ కురచ జుట్టు మీద చాలాసేపు చెయ్యి రాస్తూ కూర్చుంది.

"అయితె జుట్టు పెంచకు," అంది.