వేరుగా తిన్న సద్ది

మా ఆయన రైల్వేలో గ్యాంగు పని చేసేవాడు. మంచిర్యాల దాటి పైకి పోయే లైను మీద పట్టాల కింద కంకర గట్టిపరచడం, కుళ్లిన చెక్కలు తీసి కొత్తవి వేయడం ఆ పని. ఎనిమిది మంది చెయ్యి వేస్తే గాని పట్టా లేవదు. ఒకరోజు అలా లేపుతుండగా ఆయనకు ఎడమ చెయ్యి లాగి, గుండెల్లో పట్టేసినట్టు అయిందట. ఎవరికీ చెప్పకుండా సాయంత్రం దాకా పని చేసి, ఇంటికొచ్చి నాకు చెప్పాడు. అప్పటికే కాళ్లు వాచి ఉన్నాయి.

పెళ్లికి పోతున్నామని సెలవు పెట్టి, మమ్మల్నెవరూ ఎరగని కరీంనగర్‌కు పోయి ఒక డాక్టరుకు చూపించాం. ఉప్పు చిటికెడు మించొద్దన్నాడు. తొక్కులు, ఎండుచేపలు, కొవ్వు మాంసం బందు పెట్టమన్నాడు. బరువు ఎత్తే పని మానుకోవాలన్నాడు. ఆ చివరి మాట తప్ప మిగతావి మా చేతిలో ఉన్నవే అనుకుని ఇంటికొచ్చాం. గుండె జబ్బని పైవాళ్లకు తెలిస్తే పరీక్ష చేసి పనికిరాడని రాసేస్తారు. ఉద్యోగం పోతుంది, ఉంటున్న క్వార్టరు పోతుంది. అందుకే ఆ సంగతి మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది.

ఏం తినకూడదో డాక్టరు చెప్పాడు. ఏం తిని సుత్తి ఎత్తాలో చెప్పలేదు, అది నా నెత్తిన పడింది. జొన్నరొట్టెలో ఎలాగూ ఉప్పుండదు. నాలుగు రొట్టెలు, వాటి మీద గట్టిగా ఉడికిన పెసరపప్పు. పుంటికూర దొరికిన రోజు పులుపుతో ఉప్పు లోటు తెలిసేది కాదు. బీరకాయను దాని నీళ్లతోనే మగ్గించి, ఎల్లిగడ్డ కాల్చి నూరి కలిపేదాన్ని. సీసాలో వేయించిన జీలకర్ర వేసిన పలుచని మజ్జిగ. ఇంట్లో పిల్లలు కూడా అదే తిన్నారు, మొహాలు మాడ్చుకుని.

రెండు నెలలైనా కాళ్ల వాపు దిగలేదు.

"నేను పెట్టిందే తింటున్నవా?" అని ఒకరోజు నిలదీశాను.

"సద్ది ఇప్పినంక ఎవని గిన్నె వానికి ఉంటదా? నీ బీరకాయ మస్తుగుందని వాళ్లే ఊడ్చిన్రు."

"మరి నువ్వేం తిన్నవ్?"

"వాళ్లు పెట్టింది."

వాళ్లు పెట్టింది అంటే ఎండుచేపల పులుసు, మామిడికాయ తొక్కు. నాకు ఒళ్లు మండింది. రేపటి నుంచి వేరుగా కూర్చుని తినమన్నాను. ఆయన చెప్పులేసుకుని బయటికి పోయాడు. ఎందుకో నాకు తెలుసు. గ్యాంగులో మిగతా ఏడుగురిలో ఐదుగురు ఊళ్లో అయితే మా వాకిలి బయటే నిలబడాల్సిన కులాలవాళ్లు. పనిలో చేరిన కొత్తలో ఆయన వేరుగానే కూర్చునేవాడట. వాళ్లలో ఒకడైన గ్యాంగు మేస్త్రీ ఒకరోజు తన గిన్నె ముందుకు చాపితే, ఈయన అందులోంచి తిన్నాడట. అప్పటి నుంచి ఎనిమిది గిన్నెలు ఒక్కచోటే. మేస్త్రీ మా ఇంటికొస్తే నన్ను చెల్లె అని పిలిచి, మంచినీళ్లు అడిగి తాగేవాడు.

మర్నాడు ఆయన కడుపులో బాగాలేదని చెప్పి, పక్కకు పోయి తిన్నాడు. ఆ సాకు కొన్నాళ్లే నడిచింది. తర్వాత మేస్త్రీ అందరి ముందూ అడిగాడట, "ఏందన్నా, మా బువ్వ నీకు మైలయిందా?" అని.

"నువ్వేమన్నవ్?" అన్నాను.

"ఏమంట? ఊకున్న."

ఊరుకుంటే అవునన్నట్టే. అది ఆయనకూ తెలుసు. కాని నిజం చెబితే ఏడు నోళ్లలో ఆ మాట ఎన్నాళ్లు దాగుతుంది?

వాపు దిగింది. మళ్లీ కరీంనగర్ పోతే డాక్టరు నాడి చూసి, ఇంట్లో వంట ఎవరు చేస్తారో గాని మంచిగా చేస్తున్నారన్నాడు. సంతోషపడాల్సిన మాటే. నాకు సంతోషం రాలేదు, ఏడుపూ రాలేదు. ఇంటికొచ్చి పిండి తడిపాను.

మేస్త్రీ మా ఇంటికి రావడం మానేశాడు. తోవలో కనబడితే అమ్మా అని పక్కకు తప్పుకునేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి ఎవరేమన్నారో చెప్పి నవ్వించే మా ఆయన, గిన్నె కడిగి బోర్లించి పడుకునేవాడు. ఏళ్లు అలాగే గడిచాయి. నేను రొట్టెలు చేస్తూనే ఉన్నాను.

ఆయన వయసు నిండి పని దిగిన మర్నాడు మధ్యాహ్నం, గ్యాంగువాళ్లు పని మీంచి సద్ది మూటలతోనే, పూలదండ పట్టుకుని వచ్చారు. రావాలి గనక వచ్చారు. దండ వేసి, బయటే నిలబడ్డారు. ఆయన లోపలికి పోయాడు. నేను చెంబుతో నీళ్లు తెస్తే మేస్త్రీ చెయ్యి చాపలేదు.

ఇక ఉద్యోగం తీసేసేవాళ్లు లేరు. అక్కడే నిలబడి అంతా చెప్పేశాను, గుండె సంగతి, డాక్టరు సంగతి, ఉప్పు సంగతి.

"గీ మాట అప్పుడే చెప్తే అయిపోతుండె గదా చెల్లె. ఉప్పులేని కూర మేం గూడ తింటుంటిమి. ఆయన దిక్కు బరువు మేం పట్టుకుంటుంటిమి," అన్నాడు మేస్త్రీ.

తర్వాత తన సద్ది మూట విప్పి మా వాకిట్లో పెట్టాడు. మిగతావాళ్లూ విప్పారు. "అన్నను పిలువు, కలిసి తింటం," అన్నాడు.

నేను లోపలికి పోయాను. ఆయన గోడ వైపు తిరిగి, ఇన్నేళ్లూ పట్టాల పక్కన తిన్నట్టే ఒక్కడే ఒళ్లో గిన్నె పెట్టుకుని తింటున్నాడు. బయటి మాటలన్నీ వినబడే ఉంటాయి.

"రమ్మంటున్నరు," అన్నాను.

"నేను తింటున్న గదా. వాళ్లను తినమను," అన్నాడు, వెనక్కి తిరగకుండానే.

నేను బయటికొచ్చి ఆ మాటే వాళ్లకు చెప్పాను.