వాన ఏ వైపు కురుస్తోంది?

వీధిలో అందరూ ఆవిడను మిషనక్క అనేవారు. బట్టల దుకాణం వెనక గదిలో, వరసగా వేసిన కుట్టుమిషన్ల మధ్య కూర్చుని చొక్కాలకు కాలర్లు కుట్టేది.

ఒకరోజు పొద్దున లేచేసరికి ఎడమ చెవిలో చప్పుడు లేదు. దూది కూరినట్టు కూడా కాదు, అటువైపు లోకమే లేనట్టుంది. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, "నరం దెబ్బతిందమ్మా. మందులు వాడదాం గానీ, మరీ ఆశ పెట్టుకోకండి" అంది. మందులు అయిపోయాయి. చెవి మాత్రం తిరిగి రాలేదు.

మందులు అయిపోయిన రోజు సాయంత్రం భర్త పక్కన కూర్చున్నాడు. ఆయన బస్సు డ్రైవరు. నవ్విద్దామని, "ఇకమీదట నా మాట ఈ చెవితో విని ఆ చెవితో వదిలేయడం కుదరదు నీకు" అన్నాడు. ఆవిడ నవ్వబోయి ఏడ్చేసింది.

ఉన్న చెవితో మాటలు బాగానే వినిపించేవి. ఎక్కణ్ణించి వస్తున్నాయో మాత్రం తెలిసేది కాదు. భర్త స్నానాలగదిలోంచి తువ్వాలు అడిగితే, అది పట్టుకుని వీధి గుమ్మంలోకి వెళ్లేది. రోడ్డు మీద సైకిల్ బెల్లు ఆకాశంలోంచి రాలినట్టుండేది. దుకాణంలో పక్క మిషన్ నడుస్తుంటే తనదే అనుకుని, కదలని సూది కింద గుడ్డ తోసేది. చివరికి అరచెయ్యి మిషన్ మీద ఆనించి, ఆ వణుకును బట్టి కుట్టడం అలవాటు చేసుకుంది.

భర్త కూడా మారాడు. నడిచేటప్పుడు ఆవిడ కుడిపక్కకు వచ్చేవాడు. పెళ్లయిన నాటి నుంచి ఎడమపక్కన పడుకునే మనిషి, మంచం మీద కూడా ఇటు మారాడు. "రాంగ్ రూట్లో బండి తోలుతున్నట్టుందే" అని గొణిగాడు గానీ, వెనక్కి మాత్రం వెళ్లలేదు.

ఓ ఆదివారం మధ్యాహ్నం వాన పట్టుకుంది. ఆవిడ కిటికీ దగ్గర కళ్లు మూసుకుని కూర్చుంది. రేకుల మీది చినుకులు, మెట్ల మీదివి, ఎదురింటి బకెట్లో పడేవి, అన్నీ తమ తమ చోట్లు మరిచిపోయి ఒక్కచోటికి చేరాయి. ఎక్కడో కాదు, తన తలలో, తన ఒళ్లో కురుస్తున్నట్టుంది. చెవి పోయాక మొదటిసారి ఆవిడకు దిక్కు వెతకాలనిపించలేదు.

"ఏమండీ, ఇలా వచ్చి ఓ చెవి మూసుకోండి."

ఆయన వచ్చి చతికిలబడి, చెవి గట్టిగా మూసుకున్నాడు. ఆవిడలాగే కళ్లూ మూసుకున్నాడు.

"ఓసినీ! వాన లోపలికొచ్చేసిందే!" అన్నాడు మెల్లగా.

"మీకూనా?"

"ఊఁ. మాట్లాడకు, ఉండు."

టీకని పెట్టిన పాలు పొంగి, మాడు వాసన వచ్చాక గానీ ఇద్దరూ లేవలేదు.