గోల్‌కీపర్ నేర్పిన తక్కువ మార్కులు

మా అమ్మాయి నవ్వింది. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే.

ఆగస్టు చివర్లో ఒకరోజు వంటింట్లో నిలబడి సాకర్ క్లబ్ పంపిన ఈమెయిల్ చదువుతున్నాను. సీజన్ మొదలయ్యే ముందు పిల్లలందరికీ కంప్యూటర్ మీద ఒక పరీక్ష పెడతారు. బొమ్మలు చూపించి దాచేస్తారు, కొన్ని మాటలు చూపించి కాసేపాగి గుర్తున్నాయా అని అడుగుతారు, బటన్ ఎంత త్వరగా నొక్కారో చూస్తారు. ఆటలో తలకు దెబ్బ తగిలితే అదే పరీక్ష మళ్లీ పెట్టి, మార్కులు పడిపోతే ఆడనివ్వరు. స్పెల్లింగ్‌లో ఒక్క మార్కు పోతే అన్నం మానేసే మా పన్నెండేళ్ల పిల్లకు అందులో బాగా తక్కువ వచ్చింది. పైకి చదివి వినిపించాను. అది ఏడవలేదు. గోల్‌కీపర్ గ్లవ్స్ పట్టీ పీకి అతికిస్తూ, చిన్నగా నవ్వి, "ఇట్స్ ఫైన్ అమ్మా. అది గ్రేడ్ కాదు కదా," అంది.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. కానీ నేను చేసిందేమిటి? మార్కులు తగ్గాయని రోజూ బాదంపప్పు నానబెట్టి పెట్టాను. జ్ఞాపకశక్తి ఆటలున్న యాప్ ఒకటి వెతికి, రోజుకు పావుగంట దాని ముందు కూర్చోబెట్టాను. ఆ యాప్‌లో దానికి అన్నీ సరిగ్గానే వచ్చేవి. అయినా నా బుర్రకు తట్టలేదు.

వాళ్ల గోల్‌కీపింగ్ కోచ్ ఒకప్పుడు ప్రొఫెషనల్‌గా ఆడినవాడు. ఆయన ఐదు క్లబ్బుల కథ ఇక్కడ అమెరికాలో, మా నేపర్‌విల్‌లో పేరెంట్స్ అందరికీ కంఠతా వచ్చు. మొదటి క్లబ్బులో మూడో గోల్‌కీపర్, రెండేళ్లు బెంచీ మీదే. రెండో క్లబ్బులో అసలు కీపర్ వేలు విరిగితే ఈయనకు చోటు దొరికింది. మూడోది మంచు కురిసే ఊళ్లో. అక్కడ మూడు సీజన్లు ఒక్క ఆట కూడా వదలకుండా ఆడాడట. నాలుగో క్లబ్బు సీజన్ మధ్యలో వదిలించుకుంది. ఐదో క్లబ్బులో ఫ్లడ్‌లైట్ల కింద ఎత్తుగా వచ్చే బంతి రెండుగా కనిపించడం మొదలైందనీ, అప్పటికి తనకు ముప్పై ఒకటనీ నవ్వుతూ చెప్పేవాడు. మేమూ నవ్వేవాళ్లం. ఇండోర్ జిమ్‌లో కూడా ఆయన నల్లకళ్లద్దాలు తీయడు. ఆ రోజు చేయించాల్సినవి ముంజేతి మీద పెన్నుతో రాసుకుంటాడు. అదంతా స్టైల్ అనుకున్నాను. అందరూ తలా ఒక వంట తెచ్చే టీమ్ పాట్‌లక్‌లో ఆయనకు పులిహోర రెండోసారి కొసరి వడ్డించింది నేనే.

రెండు వారాల కిందట ఒక ఆటలో అవతలి పిల్ల మోకాలు మా అమ్మాయి కణతకు తగిలింది. ఆ పరీక్ష మళ్లీ పెట్టారు. ఆగస్టులో వచ్చిన మార్కులే వచ్చాయి కాబట్టి ఆడొచ్చన్నారు. అప్పటినుంచి అది గదిలో లైటు వేయనివ్వడం లేదు. మర్నాడు ప్రాక్టీస్ ఎన్నింటికని ఒకే సాయంత్రం మూడుసార్లు అడిగింది. మా ఆయన, టెస్ట్ పాసైంది కదా, ప్రతిదానికీ టెన్షన్ పడితే ఎలా అన్నాడు. నేనూ ఊరుకున్నాను.

ఇవాళ సాయంత్రం గ్రౌండ్ పక్కన కార్‌లో కూర్చున్నాం. మా ఎనిమిదేళ్ల వాడు లెక్కలన్నీ తప్పులు చేస్తుంటే కోప్పడ్డాను. వాడు తల ఎత్తకుండానే అన్నాడు: "అక్క హెడ్ టెస్ట్‌లో కావాలనే రాంగ్ పెట్టింది. కోచ్ చెప్పాడు. అక్కని నువ్వు ఏమీ అనలేదు."

కారు దిగి కోచ్ దగ్గరికి వెళ్లాను. ఆయన ఏమీ దాచలేదు. ప్రతి కొత్త క్లబ్బులోనూ మొదటి రోజు పరీక్ష నిదానంగా, కొన్ని తప్పులతో చేసేవాడట. ఆ తర్వాత ఎన్ని దెబ్బలు తగిలినా మళ్లీ అవే మార్కులు వచ్చేవి కాబట్టి, ఎవరూ ఆపలేదట.

"ఒక్క వారం బయట కూర్చుంటే నీ చోటు ఇంకొకరిది అవుతుంది. మీ అమ్మాయికి నేను నేర్పినవాటిలో ముఖ్యమైనది ఇదే," అన్నాడు, గర్వంగా.

తలకు ఎన్నిసార్లు తగిలిందని అడిగాను. వేళ్లు మడుస్తూ లెక్కపెట్టబోయి, మధ్యలో ఆగిపోయాడు. తర్వాత నా వైపు తిరిగి, మీ అబ్బాయి ఏ టీమ్‌లో ఆడతాడని అడిగాడు. అప్పటికి పది నిమిషాలుగా మా అమ్మాయి గురించే మాట్లాడుతున్నాం.

జాలి పడాల్సిన మనిషే. నా వల్ల కాలేదు. వాసన కొట్టే ఆ గ్లవ్స్, పట్టు కోసం వాటి మీద ఉమ్మేసుకునే అలవాటు, అన్నీ ఒక్కసారిగా రోత పుట్టించాయి.

పక్క కారులో మా తెలుగావిడే ఉంది, వాళ్లబ్బాయి మగపిల్లల టీమ్‌లో కీపర్. చెబితే ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"అందరూ చేయిస్తారక్కా. మా వాడూ చేశాడు. శనివారం స్టేట్ టీమ్ వాళ్లు పిల్లల్ని ఎంచుకోడానికి వస్తున్నారు, ఇప్పుడెందుకు గొడవ? సైలెంట్‌గా ఉండు," అని జంతికల డబ్బా నా వైపు చాపింది.

బాదంపప్పు సంగతి చెప్పినప్పుడు, రోజుకు ఎన్ని నానబెడతావని అడిగింది ఈవిడే. అన్నీ తెలిసి అడిగింది.

ఇంటికొచ్చాక మా ఆయనకి అంతా చెప్పాను. శనివారం ఒక్కటీ ఆడనిద్దాం, తర్వాత చూద్దాం అన్నాడు. ఆయన ముఖం చూడాలనిపించలేదు. నా మీద నాకు పుట్టిన ఏవగింపు ఇంకా ఎక్కువ. రెండు వారాలుగా పిల్ల చీకటి గదిలో పడుకుంటుంటే, తలుపు దగ్గర నిలబడి నేను అడిగింది "యాప్ చేశావా?" అని.

నిన్న రాత్రి ఇంతవరకు రాసి, క్లబ్‌కి ఉన్నదున్నట్టు ఈమెయిల్ పంపి పడుకున్నాను. పొద్దున డాక్టర్ ఆఫీసుకి ఫోన్ చేసి, పిల్లలిద్దరినీ టేబుల్ దగ్గర కూర్చోబెట్టాను. శనివారం ఆడటం లేదని అమ్మాయికి చెప్పాను. మళ్లీ ఎప్పుడో నాకూ తెలియదన్నాను.

"స్టేట్‌కి వేరేవాళ్లు వెళ్లిపోతారు. నీకు అర్థం కాదు అమ్మా."

"వెళ్లనీ. నామీద ఎన్నాళ్లైనా కోపంగా ఉండు. తల నొప్పిగా ఉందా?"

అది తమ్ముడి వైపు గుర్రుగా చూసింది. పాలల్లో వేసుకున్న సీరియల్‌లో స్పూన్ తిప్పింది. "కొంచెం. ఎవ్రీ డే," అంది.

కుర్చీ దాని పక్కకు జరుపుకున్నాను. తర్వాత ఇద్దరికీ చెప్పాను.

"తమ్ముడిని ఏమీ అనకు, వాడు మంచి పని చేశాడు. నువ్వు కావాలని తప్పులు పెట్టానని డాక్టర్‌కి నువ్వే చెప్పాలి, నేను పక్కనే ఉంటాను. నేను చూస్తూ కూడా పట్టించుకోలేదు, అది నా తప్పు. ఇకమీదట ఎవరికి దెబ్బ తగిలినా ముందు నాకు చెప్పండి. తొమ్మిదికి అపాయింట్‌మెంట్. షూస్ వేసుకోండి."