పరవాలేదనే మాట

నా చిన్నప్పుడు పట్నంలో, చూలై పేటలో మా పక్కింటి అక్క ఒక పని నేర్చుకుంటూ ఉండేది. మహిళా సంఘానికి కష్టం చెప్పుకోవడానికి వచ్చే ఆడవాళ్ల మాట విని, వాళ్లకు దారి తోచేలా మాట్లాడే పని అది. అక్కకు దాని మీదే ప్రాణం. కానీ ఎదుటి మనిషి కంటనీరు పెట్టగానే బెదిరిపోయి "పరవాలేదు, పరవాలేదు" అనేసేది. ఆ మాటతో వచ్చినామె నోరు మూసుకుని లేచిపోయేది. ఈసారీ కుదరకపోతే అక్కను కుట్టుపనికి మార్చేస్తామని సంఘంవాళ్లు చెప్పేశారు.

అక్కకు నేర్పే పెద్దమ్మ ఒక ఆదివారం మా వసారాలో చాప పరిపించింది. కష్టం చెప్పుకునే మనిషిగా మా అవ్వను కూర్చోబెట్టింది. తాను వక్కలు కత్తిరించే అడకత్తెర ఒళ్లో పెట్టుకుంది. అక్క నోట ఆ మాట వస్తే అది టక్కుమంటుంది, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి.

అవ్వకు అదొక నాటకం. "ఏం చెప్పేదిమే, నా కోడలు నాకు చారు కూడా పొయ్యదు!" అని గుండెలు బాదుకుంది.

"ఇప్పుడే గదత్తా గిన్నెడు పోయించుకున్నారు!" వంటింట్లోంచి అమ్మ అరిచింది.

నేను పగలబడి నవ్వాను. అక్క మాత్రం కంగారుగా "పరవాలేదవ్వా" అంది. టక్కు! ముఖం తుడుచుకుని తనే "ఇంకోతూరి అవ్వా" అంది. మళ్లీ టక్కు. ఇంకోతూరి. అక్క లేవనే లేదు.

చివరికి అవ్వకు కట్టుకథలు అయిపోయాయి. "నాకింకో బిడ్డ ఉన్నిందిమే. నడక రాకముందే పోయింది. దాని పేరు ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు" అంది.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. పరవాలేదనబోయి కలిసిన అక్క పెదవులు విడివడకుండా అలాగే ఉండిపోయాయి. అడకత్తెర నోరు తెరుచుకునే ఉంది. దూరాన ట్రాము గంట మోగి సద్దుమణిగింది. అప్పుడు అక్క మెల్లగా అడిగింది.

"పేరేంటవ్వా?"

అవ్వ చెప్పింది. ఆ పేరు నేను వినడం అదే మొదలు. దీపాలు పెట్టేదాకా అవ్వ ఆ బిడ్డ ముచ్చట్లే చెప్పింది.

పెద్దమ్మ అడకత్తెర మూసి కొంగున చుట్టుకుంది. "రేపట్నుంచి సంఘంలో నువ్వే కూర్చోమే. నేను పక్కనే ఉంటా. దీన్ని మాత్రం తేను."

బడిలో కన్నా బయటే లెక్కలు నేర్చుకున్నదాన్ని నేను. జమాఖర్చుల లెక్క కుదరనివాళ్లు ఇప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. సగం వినేసరికే తప్పెక్కడుందో తెలిసిపోతుంది, చెప్పెయ్యాలని నాలుక తొందరపడుతుంది. చెవిలో టక్కుమంటుంది. ఆగి, పూర్తిగా వింటాను. మా అవ్వకు పిల్లలెంతమందని ఎవరైనా అడిగితే మాత్రం వెంటనే చెబుతాను, ఆ మేనత్తను కూడా కలుపుకునే.