నాయన కుట్టిన తెల్ల కాగితాలు

పార్లమెంటు చర్చల సంపుటాలన్నీ పాత కాగితాల వాడికి తూకానికి వేసేయమని ప్రిన్సిపాల్ చెప్పినప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. తిరుపతిలో మా కాలేజీ లైబ్రరీని చూసుకునేది నేనే. గోడ పొడవునా ఉన్న ఆ సంపుటాలను కుట్టింది మా నాయన. చిత్తూరులో ఆయనకు బైండింగ్ అంగడి ఉండేది. ఇంగ్లీషు ముక్క రాదు. ఢిల్లీలో ఎవరు గద్దెనెక్కినా, ఎవరు దిగినా, ఏ రోజుకారోజు విడివిడిగా అచ్చయి వచ్చే చర్చల ప్రతులకు అదే దారం, అదే ఎర్ర గుడ్డ అట్ట. "గవర్నమెంటు మారితే మన కుట్టు మారాల్నా?" అనేవాడు.

"అన్నీ నెట్‌లో ఉండాయి కదమ్మా, ఈ దుమ్మెందుకు?" అన్నాడు ప్రిన్సిపాల్. మంచివాడే, గదులు చాలక ఆయన తిప్పలు ఆయనవి. నా నోరు ఊరుకుంటేనా! ఎమర్జెన్సీ నాటి సంపుటం తీసి ఆయన ముందు పెట్టాను.

తిరగేశాడు. ప్రతి రోజు చర్చకూ ముందు రెండు మూడు తెల్ల కాగితాలు.

"ఇదేంది, మీ నాయన తప్పు కుట్టినాడా?"

"తప్పు కాదు సార్" అని జరిగింది చెప్పాను. మామూలుగా ఏ రోజు ప్రతి అయినా సభ్యుల ప్రశ్నలతోనే మొదలవుతుంది. ఎమర్జెన్సీ పెట్టిన కొత్తలో సభలో ఆ ప్రశ్నోత్తరాల సమయాన్నే ఎత్తేశారు. ప్రతులు బక్కచిక్కి వచ్చేసరికి, పేజీలు పోయాయేమోనని నాయన బస్సెక్కి ఇక్కడికి వచ్చి అప్పటి లైబ్రేరియన్‌ను అడిగాడు. సంగతి విని నాయన, "అడిగేది మళ్ళా మొదలుపెడ్తారులే సార్. అందాకా ఆ జాగా అడిగేవాళ్ళదే" అన్నాడట. ప్రశ్నలుండాల్సిన చోటల్లా తన సొంత కాగితాలు పెట్టి కుట్టాడు. పిచ్చి పని అని నవ్వినవాళ్ళలో మా అమ్మ కూడా ఉంది. తర్వాత ప్రశ్నలు తిరిగొచ్చాయి, ఎన్నికలొచ్చి ప్రభుత్వమూ మారింది, ప్రతులు మళ్ళీ లావెక్కాయి.

"వాళ్ళు మాట్లాడిందంతా నెట్‌లో ఉండాది సార్. ఈ తెల్ల కాగితాలు ఉండాయా?" అన్నాను.

ఆయన ఖాళీ పేజీని కాసేపు వేలితో తడిమాడు. తూకానికి పోయే జాబితాలో ఆ వరుస కొట్టేసి, పక్కన సంతకం పెట్టాడు. నేను గర్వంగా ఆ సంపుటాన్ని మళ్ళీ దాని అరలో పెట్టాను.

సాయంత్రం చిత్తూరుకు ఫోన్ చేశాను. అంతా విని నాయన ఒక్కటే అడిగాడు.

"కుట్టు యాడన్నా వదులైనాదా?"

"లేదు నాయనా. బిగువుగానే ఉండాది."